ఆఫీసులో డేటా అర్థం కావాలంటే పైథాన్ నేర్చుకోవాలా?

మీటింగుల్లో చార్టులు చూపిస్తుంటే ఏం అడగాలో తెలియట్లేదు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషో, చార్టులు తయారుచేసే పవర్ బీఐ సాఫ్ట్‌వేరో నేర్చుకుంటే నిర్ణయాలు మెరుగుపడతాయా అని అడిగారు. నన్నడిగితే వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఏ అంకె కనబడినా, దీంట్లో లెక్కకు రానివి ఏమిటి అని అడగడం అలవాటు చేసుకోండి.

నేను కస్టమర్ సపోర్ట్ రిపోర్టులు చూసే టీమ్‌లో పనిచేశాను. ఒకసారి టికెట్ (అంటే కస్టమర్ పంపిన ఫిర్యాదు) క్లోజ్ అవడానికి పట్టే సగటు సమయం బాగా తగ్గిందని స్లైడ్ వచ్చింది, అందరికీ సంతోషం, ఇక కొంతమందిని వేరే పనికి మార్చేద్దాం అనేదాకా వెళ్లింది మాట. అప్పుడు మా టీమ్‌లో ఒకావిడ, "ఇంకా ఓపెన్‌గా ఉన్న టికెట్లు ఈ సగటులో ఉన్నాయా?" అని అడిగింది. లేవు. క్లోజ్ అయిన వాటికే కదా సగటు తీసేది, సులువైనవి గబగబా ముగించి కష్టమైనవి అలాగే వదిలేస్తే సగటు తగ్గక ఏమవుతుంది! పెండింగ్ టికెట్లను తేదీల వారీగా సార్ట్ చేసి చూస్తే సంగతి మొత్తం బయటపడింది, మనుషుల్ని మార్చే ఆలోచన అక్కడే ఆగింది. ఎక్సెల్‌లో ఒక ఫిల్టర్, ఒక సార్ట్, అంతకుమించి ఏమీ వాడలేదు.

ఇదే పొరపాటు ప్రాణాలు తీసిన సందర్భం కూడా ఉంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక కూలి ఏడుగురు చనిపోయారు. ముందు రోజు రాత్రి ఇంజనీర్లు చలికి ఓ-రింగులు (రాకెట్ అతుకుల్లోంచి వేడి వాయువులు లీకవకుండా ఆపే రబ్బరు రింగులు) సరిగా పనిచేయవని భయపడ్డారు, కానీ చర్చలో చూసింది రింగులు దెబ్బతిన్న ప్రయోగాల డేటా మాత్రమే. అవి చల్లటి రోజుల్లోనూ ఉన్నాయి, వెచ్చటి రోజుల్లోనూ ఉన్నాయి కాబట్టి చలికీ దీనికీ సంబంధం ఉన్నట్టు కనబడలేదు. దెబ్బతినని ప్రయోగాల్ని కూడా కలిపి చూస్తే, ఆ దెబ్బతిననివన్నీ దాదాపు 18 డిగ్రీల సెల్సియస్ పైన జరిగినవే, అంతకంటే చల్లగా ఉన్నప్పుడు జరిగిన ప్రతి ప్రయోగంలోనూ రింగులకు ఏదో ఒక సమస్య వచ్చింది. ఆ రోజు ప్రయోగ సమయానికి ఉన్నది 2 డిగ్రీలు. నాకు ఇది ఎప్పుడు గుర్తొచ్చినా బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఆ డేటా వాళ్ల దగ్గరే ఉంది.

శాతాలు, సగటుల సంగతి త్వరగానే వచ్చేస్తుంది. 2 శాతం కాస్తా 3 శాతం అయితే "50 శాతం పెరిగింది" అని రాసినా తప్పు కాదు, అందుకే అసలు సంఖ్యలు ఎంతో చూడండి. ఒకరిద్దరి జీతాలు భారీగా ఉంటే సగటు పైకి పోతుంది, అక్కడ మధ్యస్థం, అంటే జీతాలన్నీ వరుసగా పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది, అడగండి.

అడగడానికి టెన్షన్ పడుతున్నారు కదా, "ఈ లెక్క తప్పు" అంటే అవతలివాళ్లు నొచ్చుకుంటారు, "దీంట్లో ఏవేవి కలిపారండీ, ఏవి వదిలేశారు?" అంటే మాత్రం నాకు తెలిసి ఎవరూ చిరాకు పడలేదు. ఇంకోటి, మీకు ప్రతివారం వచ్చే రిపోర్టు ఒకటి తీసుకుని, అందులో ఒక అంకెను అసలు డేటా నుంచి మీరే లెక్కకట్టి చూడండి. చాలాసార్లు తేడా వస్తుంది, ఆ తేడా ఎందుకొచ్చిందో వెతకడంలోనే ఎక్కువ నేర్చుకుంటారు. నిర్ణయం తీసుకునే ముందు, ఏ అంకె ఎంత వస్తే మనసు మార్చుకుంటారో కూడా రాసి పెట్టుకోండి, లేకపోతే ఏ అంకె వచ్చినా మనకు నచ్చిందే నిజమనిపిస్తుంది.

ఆ తర్వాత ఎక్సెల్‌లో డేటాను గుంపులుగా కూడి చూపించే పివట్ టేబుల్స్, ఆపైన డేటాబేస్ నుంచి కావాల్సిన డేటా తెచ్చుకునే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి. ఎస్‌క్యూఎల్ వస్తే రిపోర్టులో వదిలేసిన వరుసల్ని మీరే తెచ్చుకుని చూడొచ్చు, పైథాన్ అప్పటికీ అవసరమనిపిస్తే చూద్దురుగాని.