ప్రమాదం జరిగి ఏడాది దాటింది, ఇప్పుడు కేసు వేయొచ్చా?

వేయొచ్చండి, కానీ ఇంక నాన్చకండి. 2024 చివర్లో మీ తమ్ముడు సెంట్రింగ్ పనిలో పైనుంచి పడ్డాడు, కాంట్రాక్టరేమో "ముందు లేచి నడవనీ, తర్వాత కూర్చుని మాట్లాడదాం" అంటున్నాడని రాశారు కదా, చిక్కంతా ఆ "తర్వాత"తోనే. అప్పటికి అమల్లో ఉన్నది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం. దాని ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. డిశ్చార్జి అయిన రోజు నుంచి కాదు, మాటలు చెడిన రోజు నుంచీ కాదు. గడువు దాటినా సరైన కారణం చూపిస్తే ఈ కేసులు వినే కమిషనర్ తీసుకోవచ్చు గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. (2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, మీది అంతకుముందు ప్రమాదం కాబట్టి పాత చట్టం ప్రకారమే చెబుతున్నాను.)

మా బావగారికి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో రెండు వేళ్లు పోయినప్పుడు ఓనరు ఆసుపత్రి బిల్లంతా కట్టాడు, పండక్కి బట్టలు కూడా పంపించాడు. తీరా పరిహారం అడిగితే "అంత ఖర్చు పెట్టాను కదా" అన్నాడు. వైద్యం ఖర్చు వేరు, పరిహారం వేరు, బిల్లు కట్టాడని అందులో కోయడానికి లేదు. పైగా కొంత డబ్బు చేతిలో పెట్టి "ఇక నాకే హక్కూ లేదు" అని రాసిన కాగితం మీద సంతకం చేయమన్నాడు, మా అక్క పెట్టనివ్వలేదు. పెట్టినా అలాంటి ఒప్పందం చెల్లదట, లేబర్ ఆఫీసులో చెప్పారు.

క్లెయిమ్ వేయాల్సింది కూడా అక్కడే, ఆ కమిషనర్ కార్మిక శాఖ అధికారే. పని హైదరాబాద్‌లో జరిగినా మీరుండేది శ్రీకాకుళం జిల్లా కాబట్టి అక్కడే వేసుకోవచ్చు. సివిల్ కోర్టులో దావా వేశారంటే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది, రెండూ కుదరవు. కాంట్రాక్టరుతో పాటు బిల్డర్‌ని కూడా పార్టీగా చేర్చండి, "వాడు మా మనిషి కాదు" అని తప్పించుకోవడం బిల్డర్‌కి అంత తేలిక కాదు.

ఈలోగా ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి రసీదు దాచండి. ఆసుపత్రి కేసు షీట్‌లో దెబ్బ ఎలా తగిలిందని రాశారో ఇవాళే చూడండి, "ఇంట్లో జారిపడ్డాడు" అని రాయించే మేస్త్రీలు ఉన్నారు, అలా ఉంటే పక్కన పనిచేసినవాళ్ల సాక్ష్యం తప్పనిసరి అవుతుంది. అన్నట్టు, తమ్ముడికి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉందా? ఉంటే ఈ క్లెయిమ్ పనికిరాదు, వైకల్య భృతి ఈఎస్ఐ నుంచే అడగాలి.