కొలతల పుస్తకం దాచుకోవద్దు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో ఉద్యోగం ఖాయమైందని అమ్మ ఫోను చేసి చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ తర్వాత నువ్వు ఫోను అందుకుని, "అక్కడ పెద్ద పదవులన్నీ వాళ్ళ దేశం వాళ్ళకేనట, మనం పని నేర్పిన కుర్రాడే ఐదేళ్ళు తిరక్కుండా మనకు పై అధికారి అవుతాడట, అలాంటి చోట ఎదుగుదల ఏముంటుంది మామయ్యా?" అని అడిగావు. అప్పటికప్పుడు ఏదో చెప్పాను గాని అది నాకే తృప్తిగా లేదు. ఇరవై మూడేళ్ళు ఆ తీరంలో ముడిచమురు కొలిచిన చేతులివి. నీ ప్రశ్నకు నెమ్మదిగా కూర్చుని జవాబు రాయాలనిపించింది.

నువ్వు విన్నది నిజమే. నీ కుర్చీలో రేపు వాళ్ళ కుర్రాడే కూర్చుంటాడు. అతణ్ణి ఆ కుర్చీకి తయారు చేయడానికే నీకు జీతం ఇస్తున్నారనుకుని విమానం ఎక్కు. మనవాళ్ళు చాలామంది దీన్ని అన్యాయమని చెప్పుకుంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. ఆ దేశం చమురు కథ తెలిశాక అలా అనుకోవడం మానేశాను.

1933 మే 29న జెడ్డాలో సౌదీ ప్రభుత్వం స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. మొదట చేతికి వచ్చింది 35,000 బంగారు సవరన్లు. చమురు పడ్డాక టన్నుకు నాలుగు బంగారు షిల్లింగుల చొప్పున రాయల్టీ, అంటే ప్రభుత్వానికి ఇచ్చే వాటా. ఆ టన్నులు కొలిచే చేయీ, లెక్క రాసే చేయీ కంపెనీవే. 1938 మార్చిలో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడింది. మరుసటి ఏడు మే 1న రాస్ తనూరా రేవులో మొదటి ఓడకు రాజు అబ్దుల్ అజీజ్ తన చేత్తోనే వాల్వు తిప్పాడు. వాల్వు తిప్పింది రాజే, కానీ ఆ ఓడలోకి ఎంత పోయిందో చెప్పగలిగినవాళ్ళు మాత్రం పరాయివాళ్ళు. నాకు ఆ సంగతి ఎప్పుడు తలచుకున్నా మనసు కలుక్కుమంటుంది.

తర్వాత చాలాకాలం అంతే. 1960 ఆగస్టులో పెద్ద కంపెనీలు చమురున్న దేశాలను మాట మాత్రం అడగకుండా ప్రకటిత ధర తగ్గించాయి. ఆ ధర మీదే ఆ దేశాల రాబడి ఆధారపడి ఉండేది. సెప్టెంబరులో సౌదీ, ఇరాన్, ఇరాక్, కువైట్, వెనెజువేలా బాగ్దాద్‌లో కూర్చుని చమురు ఎగుమతి దేశాల సంఘం ఒపెక్ పెట్టుకున్నాయి. అందుకు ముందు నడిచిన ఇద్దరిలో వెనెజువేలా మంత్రి పెరెజ్ అల్ఫోన్సో ఒకడు, సౌదీ చమురు వ్యవహారాల అధిపతి అబ్దుల్లా తారికి ఇంకొకడు. తారికి టెక్సాస్‌లో భూగర్భశాస్త్రం చదువుకుని వచ్చినవాడు. కంపెనీ భాష తెలిసినవాడు కాబట్టే కంపెనీ లెక్కను ప్రశ్నించగలిగాడు.

తమ దేశంలో చమురు తీసే అమెరికన్ కంపెనీ ఆరామ్‌కోను సౌదీలు ఒక్క రోజులో లాక్కోలేదు. 1973లో 25 శాతం, 1974లో 60 శాతం, 1980లో మొత్తం తీసుకున్నారు. అమెరికన్ ఇంజనీర్లను పంపించేయలేదు. పక్కనే తమ పిల్లలను కూర్చోబెట్టారు. 1947లో ఆఫీసు బాయ్‌గా చేరిన అలీ అల్ నయీమీ 1984లో ఆ కంపెనీకి మొదటి సౌదీ అధ్యక్షుడయ్యాడు, 1995లో చమురు మంత్రి అయ్యాడు. ఆఫీసు బాయ్ అధ్యక్షుడు కావడానికి 37 ఏళ్ళు పట్టింది. ఆ 37 ఏళ్ళలో ఎంతమంది పరాయి దేశస్థులు పక్కన నిలబడి అతనికి ఒక్కో పనీ నేర్పి ఉంటారో ఆలోచించు.

పని తెలిసిన చేతులు పోతే ఏమవుతుందో వెనెజువేలా చూసింది. వాళ్ళ ప్రభుత్వ కంపెనీ పెదెవెసా ఒకప్పుడు రోజుకు 30 లక్షల బ్యారెళ్ళ పైచిలుకు తీసే దేశానికి వెన్నెముక. 2002-03 సమ్మె తర్వాత సుమారు 18,000 మందిని తీసేశారు. పొరపాట్లు ఇంకా చాలా జరిగాయి, ఆంక్షలూ తోడయ్యాయి, 2020 నాటికి ఉత్పత్తి 10 లక్షల కన్నా కిందికి పడిపోయింది. ఎవరిది తప్పు అన్న వాదన నీకు అనవసరం. ముప్ఫై ఏళ్ళు ఒకే బావిని చూసినవాడి తలలో ఉన్నది ఏ కాగితం మీదా ఉండదు, అది గుర్తుపెట్టుకో.

ఇంకొకాయన గురించి కూడా చెప్పాలి. ఫారూఖ్ అల్ కాసిం అని ఇరాక్‌లోని బస్రాకు చెందిన భూగర్భశాస్త్రవేత్త. కొడుకు వైద్యం కోసం 1968లో నార్వే వెళ్ళాడు, అక్కడి మంత్రిత్వశాఖలో పని దొరికింది. మరుసటి ఏడే ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ అనే చోట చమురు బయటపడింది. 1972లో నార్వే తన ప్రభుత్వ కంపెనీ స్టాటాయిల్‌ను, విడిగా పర్యవేక్షణ సంస్థను ఏర్పాటు చేసుకోవడంలో ఈ ఇరాకీ ఆలోచన ఎంతో ఉంది. చమురు తీసేవాడు, తీసేవాణ్ణి తనిఖీ చేసేవాడు ఒకే గొడుగు కింద ఉండకూడదని నార్వే అప్పుడే తేల్చుకుంది. పరాయి గడ్డ మీద పని చేసేవాడు ఎలా ఉండాలి అని నన్నెవరైనా అడిగితే నేను ఈయన పేరే చెబుతాను.

ఇదంతా మనకు సంబంధం లేని కథ అనుకోవద్దు. మీ తాతయ్య పని చేసిన విశాఖ రిఫైనరీని 1957లో కట్టింది కాల్టెక్స్. ఆ కాల్టెక్స్ ఎవరిదనుకున్నావు? సౌదీలో బావులు తవ్విన ఆ కాలిఫోర్నియా కంపెనీ, టెక్సాకో కలిసి పెట్టుకున్నదే. మన ప్రభుత్వం దాన్ని తీసుకుని 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపింది. ఆ రోజుల్లో నాన్న షిఫ్టు దిగి ఇంటికి వస్తే, కుర్చీలో కూర్చునే తీరే మారిపోయింది. మన ఇంట్లో పండగ చేసుకున్న పనినే వాళ్ళ ఇంట్లో చేసుకుంటే మనం ఎలా తప్పు పడతాం?

ఇక నీ పని సంగతి. మీటర్లు, కంప్యూటర్లు ఎన్ని వచ్చినా ట్యాంకు మీదికెక్కి టేపు దించి చమురు కొలవడం నేర్చుకో. ఎక్కే ముందు ఉత్త చేత్తో రెయిలింగ్ పట్టుకో, ఒంట్లోని స్థిర విద్యుత్తు దిగిపోవాలి. గాలి నీ వీపు వైపు నుంచో పక్క నుంచో వచ్చేలా నిలబడి మూత తెరువు. వెంటనే వంగి చూడవద్దు, లోపలి ఆవిరి పోనివ్వు. ముడిచమురులోంచి వచ్చే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కునే చంపేస్తుంది, వాసన ఆగిపోతుంది. వాసన లేదు కాబట్టి గ్యాసు లేదనుకున్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాలరుకు తగిలించిన డిటెక్టర్ మోగితే ఆలోచించకుండా గాలికి ఎదురుగా దూరం వెళ్ళు. పడిపోయినవాణ్ణి లేపడానికి శ్వాస పరికరం లేకుండా వెళ్ళవద్దు, అతను నీకు ఎంత దగ్గరి వాడైనా సరే.

టేపు చివరి ఇత్తడి గుండు ట్యాంకు అడుగు తాకినప్పుడు టేపు పట్టుకున్న వేళ్ళకు చిన్నగా తెలుస్తుంది. గుండు పక్కకు వాలిపోయేంతగా టేపు వదలవద్దు. రీడింగులు వరసగా కలిసేదాకా మళ్ళీ మళ్ళీ దించు. వేడికి చమురు ఉబ్బుతుంది కాబట్టి ఉష్ణోగ్రత పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడు. అరేబియన్ లైట్ రకం చమురు 10 లక్షల బ్యారెళ్ళ సరుకులో ఒక్క సెల్సియస్ డిగ్రీ తప్పు చదివితే సుమారు 800 బ్యారెళ్ళ తేడా వస్తుంది. అమ్మేవాడికో కొనేవాడికో ఆ మేరకు అన్యాయం జరిగినట్టే. నీకు కనిపించింది మాత్రమే రాయి. నిన్నటి అంకె చూసి ఇవాళ్టి అంకె సర్దమని ఎవరైనా అడిగితే సంతకం పెట్టవద్దు.

నా తప్పు ఒకటి నీకు చెప్పాలి. 1989లో నా దగ్గర శిక్షణకు ఒక స్థానిక కుర్రాడిని పెట్టారు. ఒక్కో ట్యాంకు గుణం నేను నల్ల అట్ట నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఏ ట్యాంకు అడుగున మట్టి పేరుకుంటుంది, ఎండ ఎక్కువైతే ఏది తప్పు చూపిస్తుంది, అన్నీ అందులో ఉండేవి. అది అతనికి తెలిస్తే నా అవసరం తీరిపోతుందన్న భయంతో సొరుగులో పెట్టి తాళం వేశాను. నేను సెలవులో ఇంటికి వచ్చినప్పుడు అతను ఒక ట్యాంకు అడుగును తప్పు లెక్క వేసి అందరి ముందూ మాట పడ్డాడు. తిరిగి వెళ్ళాక అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. టీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఆ సొరుగు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ఆ రోజే పుస్తకం తీసి ఇచ్చాను. ఆ తర్వాత కూడా నా ఉద్యోగం ఎన్నో ఏళ్ళు నిలిచింది, అతను పై అధికారి అయ్యాక కూడా.

మిగిలినవి చిన్న విషయాలు. పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంచుకో, యజమాని అట్టిపెట్టుకోవడం అక్కడి నిబంధనలకే విరుద్ధం. నన్ను తీసుకెళ్ళిన కాంట్రాక్టరు రెండేళ్ళు నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకున్నాడు, మా నాయనమ్మ పోయినప్పుడు సమయానికి రాలేకపోయాను. ఒప్పందం అరబిక్ ప్రతిని తెలిసినవాళ్ళతో చదివించుకో. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నియమం ఉంది. నీకు చల్లటి గది ఉంటుంది గాని, కరీంనగర్ నుంచో కోనసీమ నుంచో వచ్చిన వెల్డరుకు ఉండదు. ఆ నియమం తప్పితే నోరు విప్పాల్సింది నువ్వే, అతను విప్పలేడు. శుక్రవారాలు వాళ్ళ క్యాంపుకు వెళ్ళి కూర్చో.

అరబిక్ అంకెలు ముందే నేర్చుకో. అయిదు మన సున్నాలా, సున్నా చుక్కలా ఉంటాయి. కొత్తలో నేను అక్కడే తడబడ్డాను.

ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది కదా, వచ్చే ఆదివారం ఇంటికి రా. మేడ మీది నీళ్ళ ట్యాంకులో నా పాత టేపు దించి చూపిస్తాను. నోటుపుస్తకం రెండో ప్రతి నా దగ్గరే ఉంది, అదీ తీసుకెళుదువు గాని.

నీ మామయ్య