యాంకర్ తయారు చేస్తానన్న మేనకోడలికి

తల్లీ,

నువ్వు ఉద్యోగం వదిలేసి సూచర్ యాంకర్, అంటే తెగిన టెండన్‌ని ఎముకకు దారంతో కట్టడానికి ఎముకలో దించే చిన్న మేకు, తయారు చేయబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషపడాలో కంగారుపడాలో తెలియక, అక్కతో చెప్పుకుంటే ఏదో ఒకటి తేలుతుందనుకున్నాడు పాపం. ఏమీ తేలలేదు. ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు నా డాక్టర్ బ్యాగులోంచి కుట్టుదారం తీసి బొమ్మ చేతికి ముళ్ళు వేసేదానివి, ఆ ముడి జారకపోయేసరికి నేనే ఆశ్చర్యపోయాను. ఇప్పుడు మనుషుల భుజాల్లో ఉండిపోయే వస్తువు చేస్తానంటున్నావు. గర్వంగా ఉంది, కాదనను. భయం అంతకంటే ఎక్కువగా ఉంది. ఆ భయం ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

నువ్వు పంపిన నోట్ చదివాను. "ఇప్పుడున్న వాటన్నిటికంటే గట్టిగా పట్టేది, పని అయ్యాక పూర్తిగా కరిగిపోయేది" అని రాశావు. గట్టిగా పట్టడం గురించి నీతో చిన్న తగువు, కరిగిపోవడం గురించి పెద్ద తగువు పెట్టుకుంటాను. ఓపిగ్గా చదువు.

చెప్పక్కర్లేనివి ముందే ముగిస్తాను. ఐఎస్ఓ 13485 ప్రకారం క్వాలిటీ పద్ధతులు మొదటి రోజు నుంచే పెట్టుకో, 14971 ప్రకారం ప్రమాదాలన్నీ రాసి పెట్టుకో, ఒంట్లో ఉండిపోయే వస్తువు కనుక ఒంటికి పడుతుందో లేదో చూసే 10993 పరీక్షలు తప్పవు. పేటెంట్లు వెతికించు. భాగస్వాములతో అన్నీ కాగితం మీద రాసుకో. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

నేను ఆపరేషన్ల పని నేర్చుకున్న రోజుల్లో యాంకర్లు లేవు. భుజం టెండన్, అంటే కండను ఎముకకు కలిపే గట్టి పట్టీ, తెగితే 1911లో అమెరికా సర్జన్ కాడ్‌మన్ రాసినప్పటి నుంచీ ఉన్న దారే మాకూ దారి. కండ తప్పించి, భుజం ఎముక పైకొన గుబ్బలో సన్నటి సొరంగాలు తొలిచి, వంపు సూదితో దారం ఇటు నుంచి అటు లాగి, టెండన్‌ని ఎముకకు అదిమి కట్టేవాళ్ళం. సూది లోపలే వంగిపోయేది. ముసలివాళ్ళ ఎముకైతే దారం జున్నులా కోసుకుంటూ బయటికి వచ్చేసేది. 1980ల్లో చిన్న లోహపు యాంకర్లు వచ్చాయి. వాటిలో ఒక రకానికి టైటానియం ఒళ్ళు, దానికి నికెల్ టైటానియం మిశ్రమంతో చేసిన సన్నటి రెక్కలు. రంధ్రంలోకి తోసేటప్పుడు రెక్కలు ముడుచుకుంటాయి, లోపలికి వెళ్ళాక విచ్చుకుని ఎముకను పట్టేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో అందరం చిన్నపిల్లల్లా దారం లాగి లాగి చూశాం. చిన్న కోతతో, తర్వాత తర్వాత ఆర్థ్రోస్కోప్‌తో, అంటే కీలు లోపలికి పెట్టి చూసే సన్న కెమెరా గొట్టంతో, ఆ పని చేయగలిగామంటే అందుకు కారణం అవే. కాబట్టి యాంకర్ల మీద నాకు కోపం ఉందనుకోకు.

ఇక గట్టితనం సంగతి. నీ నోట్‌లో యాంకర్ ఎముకలోంచి ఊడి రావడానికి ఎంత బలం కావాలో నాలుగు చోట్ల రాశావు. ల్యాబ్‌లో ఆ అంకె పెంచడం తేలిక. స్క్రూ మర లోతు పెంచితే పెరుగుతుంది. అదనంగా వచ్చిన ఆ బలం నా పేషెంటుకు ఏం ఒరగబెడుతుంది? అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలిఎథిలీన్ కలిసిన దారాలు వచ్చాక దారం తెగడం బాగా తగ్గింది. దారం తెగకపోయేసరికి, దాని బదులు టెండన్ తెగడం మొదలైంది. అరిగిన టెండన్‌ని గట్టి దారం కోసుకుపోతుంది. అది చాలదన్నట్టు, యాంకర్‌లో దారం తిరిగే కన్ను లోహమైతే కన్ను దారాన్ని కోసేది, ప్లాస్టిక్ అయితే దారమే కన్నును కోసేది. 1994లో స్విట్జర్లాండ్ సర్జన్ గెర్బర్ బృందం మంచి కుట్టుకు మూడు షరతులు పెట్టింది: మొదట్లోనే గట్టి పట్టు, టెండన్‌కీ ఎముకకీ మధ్య ఖాళీ ఏర్పడకపోవడం, మానే వరకూ ఆ స్థిరత్వం నిలవడం. నువ్వు మొదటి దాని దగ్గరే ఆగిపోయావు.

2004లో వచ్చిన ఒక పరిశీలన ఉంది. పెద్ద చిరుగులను ఆర్థ్రోస్కోప్‌తో కుట్టిన 18 మందిని తర్వాత అల్ట్రాసౌండ్‌తో చూస్తే 17 మందిలో టెండన్‌లో మళ్ళీ చిరుగు కనిపించింది. ఏడాది దగ్గర చాలామందికి నొప్పి తగ్గింది, చెయ్యి లేస్తోంది, అది వేరే వింత. కానీ ఆ చిరుగులను యాంకర్ బలం ఒక్కటే ఆపుతుందనుకోకు. నీ డబ్బూ నీ సమయమూ దారం టెండన్‌ని తాకే చోట ఖర్చు పెట్టు: వెడల్పాటి టేపు, ఎక్కువ చోట్ల పంచుకునే లాగుడు, వేలసార్లు లాగి వదిలే పరీక్ష. ఒకే లాగుడుతో ఊడబీకే పరీక్ష పోస్టర్‌కి బాగుంటుంది.

పరీక్ష అన్నాను కనుక ఇంకొకటి. 1995లో బర్ఖార్ట్ అనే టెక్సస్ డాక్టర్ అక్కడి పొలాల కంచె మూల స్తంభాన్ని నేలలో పాతిన దిమ్మకు తీగతో ఎలా కడతారో చూసి, యాంకర్‌ని కూడా అలాగే 45 డిగ్రీల వాలులో దించాలన్నాడు. మేమంతా ఏళ్ళ తరబడి అదే కోణం పాటించాం. తర్వాత మర ఉన్న యాంకర్లను ఎముకలో నిలువుగా దించి పరీక్షిస్తే ఏమీ తీసిపోలేదని తేలింది. అందుకని నీ యాంకర్ ఏ కోణంలో దిగాలో ఎవరో చెప్పిందాన్నిబట్టి రాయకు. నీ నమూనాతో నువ్వే తేల్చుకో. పరీక్షల్లో ఎముక బదులు వాడే పాలియురెథేన్ ఫోమ్ దిమ్మల్లో మంచి సాంద్రత ఉన్నదానితో సరిపెట్టకు, నాసిరకం కూడా తెప్పించు. భుజం ఎముక పైకొన గుబ్బలో కీలు అంచుకు దగ్గరగా ఎముక గట్టిగా ఉంటుంది, బయటి వైపుకు పోయేకొద్దీ గుల్లగా ఉంటుంది. నీ యాంకర్ ఎక్కువగా వెళ్ళేది ఎముక పలచబడిన పెద్దవాళ్ళ భుజాల్లోకే. నా వయసు ఆడవాళ్ళను తలుచుకుని పరీక్షించు.

ఇప్పుడు పెద్ద తగువు.

1984లో జుకర్‌మన్, మాట్సెన్ అనే ఇద్దరు 37 మంది పేషెంట్ల గురించి రాశారు. భుజం కీలు దగ్గర పెట్టిన స్క్రూలూ స్టేపుల్సూ వదులై, కదిలి, కీల్లోకి పొడుచుకొచ్చి చేసిన నష్టం అందులో ఉంది. చదివిన వాళ్ళందరికీ గుండె ఝల్లుమంది. అప్పటి నుంచి కీలు దగ్గర లోహం అంటే ఒళ్ళు దగ్గర పెట్టుకునేవాళ్ళం. అంచుకు పైకి ఉందా లేదా అని వేలితో తడిమేవాళ్ళం, స్కోప్‌తో రెండో వైపు నుంచి చూసేవాళ్ళం.

తర్వాత కరిగే మేకులు వచ్చాయి. పాలిగ్లైకోలిక్ ఆసిడ్ జాతివి కొన్ని, పాలిలాక్టిక్ ఆసిడ్‌వి కొన్ని. అందరం హమ్మయ్య అనుకున్నాం. లోహం కాదు కదా, కొంచెం పైకి ఉంటే మాత్రం ఏమైంది, ఎలాగూ కరిగిపోతుంది. ఈ మాట ఎంతమంది నోట విన్నానో. ఆ ఒక్క మాట మా తరానికి చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. మాటతో పాటు మా జాగ్రత్త కూడా కరిగిపోయింది.

అప్పుడు నేను ఒక సీనియర్ దగ్గర సహాయకురాలిగా ఉండేదాన్ని. ఆయన చేతివాటం గొప్పది, నాకు ముడి వేయడం నేర్పింది ఆయనే. భుజం పదేపదే జారుతున్న ఒక కుర్రాడికి కీలు అంచున ఉండే మెత్తటి పట్టీ, లాబ్రం, ఊడితే, తల ఉన్న కరిగే మేకులతో బిగించాడు. ముడి వేసే పనే లేదు, గబగబా అయిపోయింది. నెల దాటాక ఆ కుర్రాడు నొప్పితో వచ్చాడు. జ్వరం లేదు, రక్తపరీక్షలో ఏమీ లేదు. చెయ్యి మాత్రం కదలనివ్వడం లేదు. ఫిజియోథెరపీ పెంచమన్నారు. పెంచిన కొద్దీ బిగుసుకుపోయింది. ఎక్స్‌రేలో ఆ మేకు కనిపించదు కదా, అంతా బాగున్నట్టే ఉంది. చివరికి మళ్ళీ స్కోప్ పెట్టి చూస్తే, కీలు లోపలి పొర ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. మేకు తల విరిగి విడిగా తిరుగుతోంది. అది తిరిగిన చోటల్లా భుజం బంతి మీది మృదులాస్థి గీరుకుపోయింది. ఆ గీతలు స్క్రీన్ మీద చూసి ఎవరమూ మాట్లాడలేదు. మృదులాస్థి మళ్ళీ అలాగే పెరగదు, తల్లీ. ఆ కుర్రాడు మర్నాడు "మేకు కరిగిపోతుందన్నారు కదండీ" అని నన్ను అడిగాడు. నాకు జవాబు తెలియలేదు.

జవాబు తర్వాత చదువుకున్నాను, నువ్వు ముందే తెలుసుకో. కరగడం అంటే నీళ్ళల్లో ఉప్పు కరిగినట్టు జరగదు. ఒంట్లోని నీరు పాలిమర్ గొలుసులను తెంపుతుంది. ముందు బలం పోతుంది, ఆ తర్వాత ముక్కలవుతుంది, పదార్థం పోవడం చిట్టచివర. పాలిగ్లైకోలిక్‌కి బలం వారాల్లోనే పోతుంది, టెండన్ ఎముకకు కాస్త గట్టిగా అతుక్కోవడానికి నెలలు పడుతుంది. త్వరగా కరిగేటప్పుడు ఆమ్లం ఒక్కసారిగా విడుదలై చుట్టూ వాపు తెస్తుంది, ఎముకలో గుంట కూడా పడవచ్చు. శుద్ధమైన పాలి-ఎల్-లాక్టిక్ దీనికి పూర్తిగా ఎదురు, ఏళ్ళు గడిచినా ముక్కలు అక్కడే ఉంటాయి. మోకాలి లోపలి మెత్తటి దిండు లాంటి మెనిస్కస్‌ని కుట్టడానికి వాడిన, బాణం ఆకారపు కరిగే మేకులతోనూ ఇదే జరిగింది, వాటి తలలు తొడ ఎముక మృదులాస్థిలో గాడులు చేశాయి. ఇప్పుడు ఈ రెండింటి గుణాలూ కలిపి, కాల్షియం ఫాస్ఫేట్ చేర్చిన మిశ్రమాలు వస్తున్నాయి, మునుపటికంటే చాలా మెరుగు. అయినా నీ నోట్‌లో "కరిగిపోతుంది" అని ఒకే ముక్కలో రాశావే, దాని చోట మూడు గీతలున్న గ్రాఫ్ చూపించు: బలం ఎప్పటిదాకా, పదార్థం ఎప్పటిదాకా, టెండన్ మానేది ఎప్పటికి. ఆ గ్రాఫ్ లేకుండా నాకు ఫోన్ చేయకు. కోప్పడుతున్నానని బాధపడకు, నీ మీద కాకపోతే ఇంకెవరి మీద కోప్పడతాను.

క్రిములు లేకుండా చేయడానికి గామా కిరణాలు వాడితే పాలిలాక్టిక్ గొలుసులు పెట్టెలోనే తెగడం మొదలవుతుంది. వాటి బదులు ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడు, తేమ చొరబడని రేకు కవర్లో పెట్టు.

కరిగేదే చేయాలన్న పట్టుదల ఎందుకో ఒకసారి ఆలోచించు. పీక్ అనే ప్లాస్టిక్ ఎంఆర్‌ఐలో టైటానియంలా మచ్చలు వేయదు, మళ్ళీ ఆపరేషన్ అవసరమైతే దానిగుండానే డ్రిల్ చేయవచ్చు. ఎముక దాన్ని హత్తుకోదు, అది దాని లోపం. ఒట్టి దారంతోనే చేసిన యాంకర్లకు రంధ్రం చాలా సన్నం, కానీ లాగి బిగించినప్పుడు ఎముక పై గట్టి పొర కింద సరిగ్గా ఉండకట్టకపోతే తర్వాత జారుతుంది. ప్రతిదానికీ ఒక ఇబ్బంది ఉంది. నీ దానికి ఏ ఇబ్బంది ఉందో నువ్వే ముందు చెప్పగలిగితే సర్జన్లు నమ్ముతారు.

యాంకర్ దించే పనిముట్టు, డ్రైవర్, మీద లోతు గీత లేజర్‌తో స్పష్టంగా పెట్టు. ఆర్థ్రోస్కోపీలో రక్తం కమ్మేస్తుంది, నీళ్ళు తిరుగుతుంటాయి, సన్న గీత కనిపించదు. యాంకర్ అంచుకు పైన మిగిలితే సర్జన్‌కి వెంటనే తెలియాలి. నమూనాను ముందు థియేటర్ సిస్టర్‌కి ఇవ్వు, డాక్టర్‌కి తర్వాత. కవరు చింపేటప్పుడు దారం చిక్కుపడుతుందో లేదో ఆవిడ ఒక్క చూపులో చెప్పేస్తుంది. డాక్టర్లు మాత్రం మర్యాదకు బాగుందంటారు, నేను కూడా అనేదాన్ని.

అన్నిటికంటే ముఖ్యం, యాంకర్‌ని బయటికి తీసే పనిముట్టు. యాంకర్‌తో పాటు అదీ ఒకే పెట్టెలో ఉండాలి. అర్ధరాత్రి ఎవరో కుర్ర డాక్టర్ తల తెగిపోయిన స్క్రూని ఏ పట్టకారుతో పట్టాలో తెలియక ఎముకంతా తవ్వుకుంటూ పోయే పరిస్థితి నీ వస్తువు వల్ల రాకూడదు. నీ నోట్‌లో దాని ఊసే లేదు. వచ్చే నెల నువ్వు వచ్చినప్పుడు ఒక నాసి ఫోమ్ దిమ్మలో యాంకర్ దించి, మర సగం చెడగొట్టి, నా ఎదురుగా తీసి చూపించు. ఎంత ఎముక పోయిందో కాలిపర్‌తో కొలుద్దాం. కాలిపర్ నా దగ్గరుంది, దిమ్మలు నువ్వు తెచ్చుకో.

మీ నాన్నకు నేను చెబుతాలే, కంగారుపడొద్దని.

నీ అత్త