నల్లా నీళ్లు గచ్చు మీద పోయకు బిడ్డా

బిడ్డా,

మొన్న ఆదివారం నేను వచ్చేసరికి పది గంటల ఎండలో పైపు పట్టుకుని గచ్చు కడుగుతున్నావు. అల్లుడి ముందు ఎందుకులే అని ఊరుకున్నాను. కానీ ఆ నీళ్లు గేటు కింద నుంచి రోడ్డు మీదికి పారుతుంటే నా ప్రాణం ఊరుకోలేదు. ఇంటికొచ్చినా అదే కళ్లల్లో మెదులుతోంది, అందుకే రాస్తున్నాను.

అవి కృష్ణ నీళ్లు. మా చిన్నప్పుడు నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు మా ఊళ్లో బోరింగు నీళ్లే దిక్కు. మా చిన్నమ్మ నలభై ఏళ్లకే నడుము వంగి, బిందె ఎత్తలేక, గోడ పట్టుకుని నడిచేది. మా ఈడు పిల్లలందరికీ గార పళ్లు. ఫొటో దిగాలంటే నోరు మూసుకునేవాళ్లం. అది నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే అని తెలిసేసరికే సగం వయసు అయిపోయింది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే అది ఒంటికి చేటు. కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి నల్లా నీళ్లు తాగడానికి, వంటకు మాత్రమే పెట్టుకో. మిగతా పనులకు బోరు నీళ్లు, వాడిన నీళ్లు చాలు.

ఎండకాలం మున్సిపల్ వాళ్లు నల్లా నీళ్లతో బండ్లు కడగొద్దు, చెట్లకు పెట్టొద్దు అంటే అది మనకోసమే అనుకో. 2024 మార్చిలో బెంగళూరులో ఇలాంటి వాటికి ఐదు వేల జరిమానా పెట్టారు. అంతదాకా తెచ్చుకోవద్దు. అల్లుడి బండికి తడిగుడ్డ, అర బకెట్ నీళ్లు సరిపోతాయి. నల్లాకు నేరుగా మోటారు మాత్రం ఎవరు చెప్పినా బిగించొద్దు. లైను చివరి ఇళ్లకు చుక్క రాదు. పైగా పైపుకు ఎక్కడైనా పగులు ఉంటే పక్కనున్న మురికిని లోపలికి గుంజుతుంది, అది మీ బిందెలోకే వస్తుంది.

ఇక నీ చెట్లు. పొద్దున పదింటికి పోసిన నీళ్లు వేరు దాకా పోకముందే కొన్ని ఎండకు పోతాయి. పొద్దుగూకినాక పొయ్యి, లేదా తెల్లవారుజామున. రోజూ కొంచెం కొంచెం చల్లితే వేళ్లు పైపైనే తిరుగుతాయి. రెండు మూడు రోజులకోసారి మొదలు నిండా పోస్తే లోతుకు దిగుతాయి. నా మల్లెచెట్టు చూశావు కదా, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు కూడా వాడలేదు. దాని మొదట్లో అడుగుకు సన్నని బెజ్జం పెట్టిన మట్టి ముంత మెడ దాకా పాతిపెట్టాను. బెజ్జంలో గుడ్డపీలిక దూర్చి ముంత నింపితే రాత్రంతా నెమ్మదిగా దిగుతుంది. పైన పల్లికాయ పొట్టు పరిచాను. మధ్యాహ్నం పొట్టు తీసి వేలు పెడితే లోపల చల్లగా తగులుతుంది. నువ్వూ పెట్టి చూడు, నీకే తెలుస్తుంది.

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు కరివేపాకుకు పొయ్యి. సబ్బు నీళ్లు దానికి వద్దు. వాషింగ్ మెషిన్ చివరి నీళ్లు బకెట్లో పట్టి లెట్రిన్‌లో వాడుకో. ఫిల్టర్ మిషన్ ఒక లీటరు మంచినీళ్లు ఇస్తే రెండు మూడు లీటర్లు పక్క పైపులో వదిలేస్తుంది. వాటిలో ఉప్పు ఎక్కువ, చెట్లకు పనికిరావు, గచ్చు తుడవడానికి పట్టుకో. వంటింట్లో కారే నల్లాకు ఈ వారమే వాచరు మార్పించు. నేను ఒక రాత్రి కారే నల్లా కింద బకెట్ పెడితే తెల్లారేసరికి సగం నిండింది.

బోరు ఎండిపోతోందని ఇంకో బోరు వేయాలని అల్లుడు అంటున్నాడట. మనది రాతినేల, బండ పగుళ్లలో ఉన్నంతే నీళ్లు. నీళ్లు, నేల, చెట్లను కాపాడే వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోకుండా వేయకూడదు కూడా. ఆ డబ్బుతో ముందు ఇంకుడు గుంత తవ్వించండి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. అవన్నీ ఇప్పుడు మోరీలోకే పోతున్నాయి. మృగశిరకు ముందే పని అయిపోవాలి, మేస్త్రీని ఇప్పుడే మాట్లాడుకోండి.

వచ్చే గురువారం వస్తాను. కుమ్మరి దగ్గర రెండు ముంతలు తీసిపెట్టమని చెప్పాను. ఏ చెట్ల దగ్గర పాతాలో చూసి పెట్టుకో.

మీ పెద్దమ్మ