తోట రాసివ్వడమా, తోట అమ్మి సొమ్ము ఇవ్వడమా?

ప్రశ్న: అమలాపురం పురపాలక హద్దుకు ఎనిమిది కిలోమీటర్ల అవతల, అంబాజీపేట వైపు ఉన్న ఒక గ్రామం నుంచి విశ్రాంత ప్రధానోపాధ్యాయులొకరు రాశారు. వయసు 71. నెలకు 52,000 రూపాయల పింఛను, బ్యాంకులో 38 లక్షల డిపాజిట్లు, పిత్రార్జితమైన ఎకరంన్నర కొబ్బరి తోట ఉన్నాయి. ఊళ్లో ఎకరం 40 లక్షలు పలుకుతోందట. కుమారుడు హైదరాబాదులో, కుమార్తె భీమవరంలో స్థిరపడ్డారు. రెండేళ్ల కిందట కాలం చేసిన భార్య పేరు నిలిచేలా తోటను విశ్వవిద్యాలయానికి రాసిచ్చి, తెలుగు ఎం.ఏ.లో ప్రథమ స్థానం పొందినవారికి ఏటా బంగారు పతకం, మిగిలిన సొమ్ముతో తమ కులం పిల్లలకు ఉపకార వేతనం ఏర్పాటు చేయాలని వారి కోరిక. దీనివల్ల ఆదాయపు పన్ను ఎంత తగ్గుతుందని కూడా అడిగారు.

జవాబు: మాస్టారు గారికి నమస్కారం. మీ సంకల్పం మంచిది. ఎంచుకున్న దారి మాత్రం సరైనది కాదని నా అభిప్రాయం. పన్ను ప్రశ్న త్వరగా తేలిపోయేది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో విరాళాలకు సంబంధించిన 80జి సెక్షన్ కింద మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే వర్తిస్తుంది. భూమి, భవనం, పుస్తకాలు వంటివి ఇస్తే రూపాయి కూడా తగ్గదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి కానీ, అందరి నోటా ఇంకా 80జి అనే పేరే నడుస్తోంది. మీరు సొమ్మే ఇచ్చారనుకున్నా, సాధారణ ఆమోదం ఉన్న సంస్థకు ఇచ్చినదానిలో సగమే లెక్కకు వస్తుంది, అది కూడా మీ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి. పింఛను, వడ్డీ కలిపి మీ ఆదాయం ఏడాదికి సుమారు 8.84 లక్షలు అనుకుందాం. పాత పన్ను విధానంలో ప్రామాణిక తగ్గింపు, వడ్డీపై సీనియర్ సిటిజన్ల మినహాయింపు పోను మిగిలేది 7.84 లక్షలు. మీరు 20 లక్షలు ఇచ్చినా లెక్కకు తీసుకునేది అందులో పది శాతం, 78,400 మాత్రమే; దానిలో సగం, అంటే తగ్గింపు 39,200 రూపాయలే, దానివల్ల ఆదా అయ్యే పన్ను 8,150 రూపాయల చిల్లర. అంతా పోగా ఇంకా దాదాపు 61,000 రూపాయల పన్ను కట్టవలసి ఉంటుంది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కనుక అక్కడ మీ పన్ను సున్నా, అయితే ఆ విధానంలో 80జి లేదు. అంటే విరాళానికి మినహాయింపు కావాలని పాత విధానంలోకి వెళితే ఎనిమిది వేలు మిగుల్చుకోవడానికి అరవై వేలు చెల్లించినట్టవుతుంది. కాబట్టి మీ విషయంలో పన్ను మాట పక్కన పెట్టేద్దాం. విశ్వవిద్యాలయం ఇచ్చే విరాళ ధ్రువపత్రాన్ని, అంటే ఇన్నాళ్లూ ఫారం 10బిఇ అని పిలిచినదాన్ని, తీసుకుని దాచుకుంటే చాలు.

ఇక తోట విషయం. పిత్రార్జితం అన్నారు కాబట్టి అది మీ ఒక్కరి ఇష్టంతో రాసివ్వగలిగిన ఆస్తి కాకపోవచ్చు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకూ కుమారుడితో సమానమైన హక్కు ఉంది. ఉమ్మడి స్థిరాస్తిలో ధర్మకార్యానికి కుటుంబ పెద్ద ఇవ్వగలిగింది సహేతుకమైన చిన్న భాగమే తప్ప మొత్తం కాదు. తోట మీకు ఏ రకంగా సంక్రమించిందో పాత దస్తావేజులు చూపించి న్యాయవాది చేత నిర్ధారించుకోండి. అది ఉమ్మడి ఆస్తిగా తేలి, మీ ముగ్గురికీ సమాన భాగాలని లెక్క వేస్తే 60 లక్షల్లో మీ వంతు 20 లక్షలు. నేను ఇక ముందు చెప్పేదంతా ఆ 20 లక్షల గురించే.

పిల్లలిద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా తోటను తోటగా ఇవ్వవద్దనే అంటాను. రెండు నెలలకోసారి దింపు తీయించాలి, అంటే చెట్లెక్కించి కాయలు కోయించాలి, కాయలు లెక్క పెట్టించాలి, వెయ్యి కాయల ధర ఎలా ఉందో చూసి అమ్మాలి, కొమ్ము పురుగుకూ తెల్లదోమకూ మందు చూసుకోవాలి, మధ్యలో వేసిన కోకో, అరటి సంగతి పట్టించుకోవాలి. ఊళ్లో ఉండి కూడా ఇది ఎంత పనో మీకు తెలియనిది కాదు. ఎక్కడో ఉన్న విశ్వవిద్యాలయ కార్యాలయంలో ఒక సహాయ రిజిస్ట్రారు ఈ పని చేయలేరు. ఏటా వేలం వేసి కౌలుకిస్తారు, కౌలు తక్కువకు పోతుంది, మూడేళ్లకు తోట పాడవుతుంది. 1996 నవంబరు 6 నాటి తుఫాను రాత్రి కోనసీమలో కొబ్బరి చెట్లు ఏ స్థితికి వచ్చాయో చూసినవారికి, ఒక పతకం శాశ్వతత్వాన్ని కొబ్బరి మొవ్వు మీద ఆధారపెట్టకూడదని నేను వేరే చెప్పనక్కరలేదు.

అమ్మడంలో మీకు ఒక సౌకర్యం కూడా ఉంది. పదివేలకు మించి లక్ష వరకు జనాభా ఉన్న పురపాలక సంఘం హద్దు నుంచి, ఆకాశమార్గాన కొలిస్తే రెండు కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమి చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు, కాబట్టి దాన్ని అమ్మిన లాభంపై పన్ను ఉండదు. అమలాపురం ఆ జనాభా వర్గంలోదే, మీ తోట దానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంది. ధ్రువీకరణకు తహసీల్దారు కార్యాలయం నుంచి పత్రం, అడంగల్ (సాగు వివరాల రెవెన్యూ రికార్డు) నకలు పెట్టుకోండి. సొమ్ము మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకోండి. సగం నగదుగా ఇస్తామనే కొనుగోలుదారులు మన డెల్టాలో తక్కువేమీ కాదు. అలా పుచ్చుకున్న డబ్బు దానం చేయడానికి కూడా పనికిరాదు, ఎందుకంటే 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మినహాయింపు లేదు, పైగా ఇంత మొత్తం నగదుగా పట్టుకెళితే విశ్వవిద్యాలయమే తీసుకోదు.

బంగారు పతకం మాట. 20 లక్షలను 6.5 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 1.30 లక్షలు వస్తాయి. పది గ్రాముల బంగారం లక్ష దాటిన ఈ రోజుల్లో అది ఒక్క పతకానికి సరిపోవడమే కష్టం, ఇంకేమీ మిగలదు. నాకు తెలిసిన ఒక కుటుంబం దశాబ్దాల కిందట ఒక విద్యాసంస్థలో పెట్టిన పతకం మొదట బంగారం, తర్వాత బంగారు పూత, ఇప్పుడు ప్రశంసాపత్రం. సంస్థది తప్పని అనలేను, వడ్డీకి బంగారం దొరకడం మానేసింది, అంతే. మీ శ్రీమతి గారి పేరు ఏటా ఒక అమ్మాయి నోట పలకాలంటే హాస్టల్ మెస్ బిల్లు కట్టండి. ఏటా అసలులో నాలుగు శాతం, అంటే మొదటి ఏడాది 80,000 ఖర్చు పెట్టి, మిగిలిన వడ్డీని, అంటే మొదటి ఏడాది 50,000, అసలులో కలపమని షరతు పెడితే, ఇరవై ఏళ్లకు నిధి సుమారు 32.77 లక్షలకు చేరుతుంది, అదే నాలుగు శాతం లెక్కన అప్పుడు ఉపకార వేతనం 1.31 లక్షలకు పెరుగుతుంది. ధరల వేగాన్ని అందుకోకపోయినా, ఏటా కొంత పెరుగుతూనే ఉంటుంది. వడ్డీ అంతా ఖర్చు చేస్తే, ధరలు ఏటా ఐదు శాతం పెరిగాయనుకున్నా, ఆ 1.30 లక్షల విలువ ఇరవై ఏళ్ల తర్వాత నేటి 49,000 రూపాయలతో సమానం.

కులం షరతు వద్దండి. ఒక మతానికో కులానికో మాత్రమే మేలు చేసే సంస్థలకు 80జి ఆమోదం దొరకదు, కాబట్టి ఏ విశ్వవిద్యాలయమూ ఇలాంటి షరతున్న నిధిని ఇష్టపడదు. షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసం ఉద్దేశించినవాటికి ఆ అడ్డు లేదు. మీ తోటలో దింపు తీసేవారి, పొలాల్లో కౌలు చేసేవారి కుమార్తెలకని పెట్టండి, మీ ఊరి పిల్లలు సహజంగానే అందులోకి వస్తారు.

ప్రాంతాన్ని రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్ 4కు ముందు “తూర్పు గోదావరి జిల్లా విద్యార్థికి” అని రాసిన పత్రాలున్నాయి. ఆ రోజుతో అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, పత్రంలోని మాటను అక్షరాలా తీసుకుంటే కోనసీమ పిల్లవాడు అనర్హుడు. అంతకుముందు 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, గోదావరి జిల్లాల కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధి నుంచి ఇటు మారాయి. మళ్లీ మారవని ఎవరూ చెప్పలేరు. అందుకే జిల్లా పేరు కాకుండా మండలాల పేర్లు రాసి, పేర్లు, సరిహద్దులు మారినా ఆ గ్రామాలకే వర్తిస్తుందని ఒక వాక్యం చేర్చండి.

సొమ్ము ఇవ్వడానికి ముందు పాలక మండలి ఆమోదం, ఇరువైపులా సంతకాలున్న ఒప్పందం ఉండాలి. ఇది ఖర్చుకు ఇచ్చిన విరాళం కాదు, అసలు కదలకుండా ఉండవలసిన శాశ్వత నిధి, అంటే కార్పస్ అని మీరు లిఖితపూర్వకంగా చెప్పకపోతే, దాన్ని ఆ ఏటి సాధారణ ఆదాయంగా ఖర్చు చేసే ప్రమాదం ఉంది. అర్హులు లేని ఏడాది మొత్తం అసలులో కలవాలి, తెలుగు ఎం.ఏ. మూతపడితే దగ్గరి శాఖకు మారాలి, ఏటా జూన్‌లోగా లెక్కలు మీ కుమార్తె, కుమారుల చిరునామాలకు రావాలి. ఆర్‌టిజిఎస్ విశ్వవిద్యాలయం ఖాతాకే పంపండి, శాఖ ఖాతాకు కాదు.

38 లక్షల డిపాజిట్లను మాత్రం ఇప్పుడు కదపకండి. మీ వయసులో ఒక్క ఆసుపత్రి బిల్లు పది లక్షలు తినేయగలదు. అందులో 30 లక్షల దాకా సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలోకి మార్చుకోవచ్చు, 2025-26లో దాని వడ్డీ 8.2 శాతం. నిధికి ఇంకా ఇవ్వాలనిపిస్తే వీలునామా రాయండి. కోరంగి ప్రాంతం నుంచి వెళ్లి రంగూన్‌లో ఆర్జించిన మల్లాడి సత్యలింగం నాయకర్ ఆస్తులు వీలునామా మార్గంలోనే ధర్మానికి చేరాయి, ఆయన పేరులోని పొడి అక్షరాలు ఈనాటికీ నన్నయ విశ్వవిద్యాలయం కాకినాడ ప్రాంగణానికి ఉన్నాయి. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయించుకోవడం మేలు. అందులో విశ్వవిద్యాలయంతో కుదిరిన ఒప్పందం తేదీని ప్రస్తావించి, “ఆ నిధికే జమ చేయాలి” అని రాయించండి, లేకపోతే రెండో నిధి పుట్టి రెండూ చిన్నవైపోతాయి.