వాగ్ధాటి తగ్గితే వాక్పటిమ తగ్గినట్టేనా?

సందేహం: అటల్ బిహారీ వాజ్‌పేయి పార్లమెంటు ప్రసంగాల మీద ఈమధ్య ఒక వ్యాసం చదివాను. "వయసు మీదపడ్డాక ఆయన వాగ్ధాటి తగ్గింది గాని వాక్పటిమ తగ్గలేదు" అని అందులో ఉంది. రెండూ ఒకటే కదా! ఒకటి తగ్గి రెండోది తగ్గకుండా ఎలా ఉంటుంది? మరొక చిన్న సందేహం: వాగ్ధాటిలో ఒత్తు ధ ఉన్నప్పుడు వాగ్దానంలో ఎందుకు లేదు?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: రెండూ ఒకటి కావండి. ధాటి అంటే సంస్కృతంలో దండెత్తి మీద పడటం. మన 'దాడి' దాని వికృతే. ఎండ ధాటి, వాన ధాటి అంటాం చూడండి, ఎదురుగా ఉన్నవాడు తట్టుకోలేనంత ఉద్ధృతి ఉన్నచోటే ఆ మాట పడుతుంది. వాగ్ధాటీ అంతే, వినేవాడికి ఊపిరి సలపనివ్వకుండా మాట మీద మాట వచ్చి పడటం. పటిమ పటుశబ్దం నుంచి పుట్టింది. పాటవం, పటుత్వం దాని తోబుట్టువులు. ఏ మాట ఎక్కడ వేస్తే ఎంత పని చేస్తుందో ఎరిగిన నేర్పు అది. ధాటికి గొంతూ ఊపిరీ కావాలి. నేర్పుకి వాటితో అంత పని లేదు. కాబట్టి వ్యాసకర్త రాసిన వాక్యం నిర్దుష్టంగా ఉంది. వాజ్‌పేయి విషయంలో అది నిజం కూడానని నా అభిప్రాయం.

ఆయన 1957లో బలరాంపూర్ నుంచి తొలిసారి లోక్‌సభకు వచ్చారు. మొత్తం పదిసార్లు లోక్‌సభకు, రెండుసార్లు రాజ్యసభకు ఎన్నికయ్యారు. అన్నేళ్లు ఒకే మనిషి మాట్లాడితే మాట ఎలా మారుతుందో చూడటానికి రెండు వాక్యాలు చాలు.

1964 మేలో నెహ్రూ కన్నుమూసినప్పుడు వాజ్‌పేయి రాజ్యసభలో ఉన్నారు. నలభై ఏళ్లు నిండలేదు, పైగా ప్రతిపక్షం. ఆ సంతాప ప్రసంగం ఇలా మొదలైంది: "ఏక్ సప్నా థా జో అధూరా రహ్ గయా, ఏక్ గీత్ థా జో గూంగా హో గయా, ఏక్ లౌ థీ జో అనంత్ మే విలీన్ హో గయీ." ఒక కల ఉండేది, సగంలోనే ఆగిపోయింది, ఒక పాట ఉండేది, మూగపోయింది, ఒక దీపశిఖ ఉండేది, అనంతంలో లీనమైపోయింది. కల, పాట, జ్వాల ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడ్డాయి. మొదటిదాన్ని మనసు అందుకునేలోగా రెండోది వచ్చేసింది. ఇది విలాపమే, కోపం ఎక్కడా లేదు; అయినా ఇందులో ధాటి ఉందంటాను నేను. చివరికి వచ్చేసరికి 'అనంత్', 'విలీన్' లాంటి తత్సమాలతో వాక్యం బరువెక్కింది కూడా.

1977లో విదేశాంగ మంత్రిగా ఐక్యరాజ్యసమితిలో హిందీలో మాట్లాడినప్పుడు కూడా 'వసుధైవ కుటుంబకం' వంటి సంస్కృత పదబంధం ఆయన నోట పలికింది.

ఇక 1996 మే నెలాఖరు. పదమూడు రోజుల ప్రభుత్వం కూలిపోబోతోంది, బలం లేదని ఆయనకు తెలుసు. అప్పటికి వయసు 71. లోక్‌సభలో అన్న మాట: "సర్కారే ఆయేంగీ, జాయేంగీ, పార్టియా బనేంగీ, బిగడేంగీ, మగర్ యే దేశ్ రహ్‌నా చాహియే." ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి, పార్టీలు పుడతాయి, చెడతాయి, కాని ఈ దేశం ఉండాలి. దీన్ని పక్కన పెట్టుకుని 1964 వాక్యాన్ని మళ్లీ చదవండి. మాటలన్నీ తేలికైపోయాయి. రావడం, పోవడం, అవడం, చెడటం – ఇంటి గుమ్మంలో వాడుకునే క్రియలు. అలంకారం ఒక్కటీ లేదు. అయితే కట్టుబడి మాత్రం పాతదే, సమానమైన ముక్కలు వరసగా పేర్చడం. కొత్తగా చేరింది 'మగర్'. వచ్చేవీ పోయేవీ అన్నీ ఒక పక్కకు తోసి, ఆ ఒక్క 'కాని' మీద వాక్యం మొత్తం మలుపు తిరుగుతుంది. బరువు తగ్గినా పట్టు సడలలేదు. పటిమ అంటే ఇదే.

రెండు ముక్కల మధ్య ఆయన ఆగే తీరు వయసుతోపాటు పెరిగింది. కళ్లు మూసుకుని అలా నిలబడిపోతే సభ మొత్తం తర్వాతి మాట కోసం ఎదురుచూసేది. ఆ ఆగడానికి సంస్కృత ఛందస్సులో పేరు యతి. మన పద్యాల్లో యతి అంటే అక్షరమైత్రి అయిపోయింది గాని, అసలు అర్థం విరామం. ఆయన కవి కూడా కనక ఎక్కడ ఆగాలో తెలుసు.

'యే దేశ్ రహ్‌నా చాహియే' అన్న ఆ చివరి మాటను తెలుగు చేసేటప్పుడు "ఈ దేశం చిరకాలం వర్ధిల్లాలి" అని రాయాలనిపిస్తుంది. దయచేసి రాయకండి. ఆయన దించేసిన బరువును మనం తిరిగి నెత్తిన పెట్టినట్టవుతుంది. 'ఉండాలి' చాలు.

పనిలో పనిగా ఇంకొకటి. మంచి వక్తను మెచ్చుకోబోయి 'వాచాలుడు' అంటుంటారు కొందరు. 'మూకం కరోతి వాచాలం' (మూగవాణ్ణి మాటకారిని చేస్తుంది) అన్నచోట మంచి అర్థమే ఉన్నా, తెలుగులో వాచాలత అంటే వదరుబోతుతనమే. మెచ్చుకోవాలంటే 'వాగ్మి' అనండి.

మీ రెండో సందేహానికి వస్తే, వాక్ అన్న మాటకు గ, ద, ధ వంటి హల్లు తగిలితే చివరి క్ గకారమవుతుంది. వాక్ + ధాటి = వాగ్ధాటి, వాక్ + దానం = వాగ్దానం. పటిమలోని ప పరుషం కనక వాక్పటిమలో క్ అలాగే ఉండిపోయింది. రెండో మాటలో ఏ అక్షరం ఉంటే అదే నిలుస్తుంది: ధాటికి ధ, దానానికి ద. దగ్ధం, ముగ్ధ లాంటి మాటల అలవాటు కొద్దీ చెయ్యి 'వాగ్ధానం' అని రాసేస్తుంది. ఇచ్చేది దానం కదా, ధానం కాదు. 'వాక్ధాటి' అని క్ విడిచిపెట్టకుండా రాయడమూ తప్పే.