పాత బుల్లెట్‌కు డిస్క్ వేయించే ముందు డ్రమ్ము విప్పి చూడండి

మీ నాన్నగారి 1986 మోడల్ బుల్లెట్ 350కి ముందు బ్రేకు పట్టడం లేదు, కావలిలో మెకానిక్ డిస్క్ బ్రేకు, అలాయ్ వీల్స్ వేసేద్దామంటున్నాడు, వేయించమంటారా అని అడిగారు. నాదీ ఇంచుమించు ఆ కాలం బండే. నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం పోర్టుకు దాని మీదే డ్యూటీకి వెళ్తాను. ఆ రోడ్డు మీద ముందు లారీ ఎప్పుడు ఆగుతుందో దాని డ్రైవరుకే తెలియదు! అందుకే బ్రేకుల దగ్గర నేను పిసినారితనం చూపించను. అయినా సరే, డిస్క్ సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు ఉన్న డ్రమ్మును దారికి తెచ్చుకోండి.

ఆ బండ్లకు ముందు 6 అంగుళాల డ్రమ్ము, అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె లాంటిది. దాని లోపల రెండు షూలు (బ్రేకు పట్టే వంపు ముక్కలు), వాటిని డ్రమ్ముకు నెట్టే క్యామ్ ఒకటే. తిరిగే డ్రమ్ము ఒక షూను తనలోకి లాక్కుంటుంది, రెండోదాన్ని వెనక్కి నెడుతుంది. కాబట్టి పనంతా దాదాపు ఒక్క షూ మీదే పడుతుంది. ఆ ఒక్కటీ డ్రమ్ముకు నిండుగా ఆనకపోతే ఇక బ్రేకు ఎక్కడిది? ఇక్కడ చాలా షాపుల్లో లైనర్లు (షూల మీది రాపిడి పట్టీలు) మార్చడమంటే కొత్తవి పెట్టి, వైరు బిగించి ఇచ్చేయడమే. నాకూ ఒక షాపులో అలాగే చేసిచ్చారు. ఇంటికొచ్చి డ్రమ్ము లోపల చాక్‌పీసు రుద్ది, చక్రం ఎక్కించి తిప్పుతూ బ్రేకు మెల్లగా పట్టి, మళ్లీ విప్పి చూశాను. లైనరు కొసన గోరంత మేర తెల్లగా అంటింది. మిగతాదంతా షాపులోంచి తెచ్చినట్టే ఉంది.

డ్రమ్ము వంకర తిరిగి ఉంటే లేత్ మీద లోపల సన్నగా కోయించాలి. స్పోకులు, రిమ్ము ఊడదీయకుండా, చక్రం మొత్తం పట్టే పెద్ద లేత్ చూసుకోండి. స్పోకుల లాగుడుకు హబ్ (డ్రమ్ము ఉండే చక్రం మధ్య భాగం) కొద్దిగా రూపు మారుతుంది కాబట్టి విడిగా కోయిస్తే బిగించాక మళ్లీ మొదటికే వస్తుంది. తర్వాత చాక్‌పీసు అంటిన చోటల్లా లైనరును ఎమరీ పేపరుతో రుద్దుతూ నిండుగా ఆనేదాకా తీసుకురావాలి. విసుగు పుట్టించే పని, కానీ బ్రేకు వచ్చేది ఇక్కడే. పాత లైనర్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టించకుండా తడిగుడ్డతో తుడవండి. వీల్ బేరింగ్ గ్రీజు లైనర్ల మీదికి కారిందేమో కూడా చూడండి.

బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు వదులుగా ఉంచి, చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా పట్టుకునే నట్టు బిగించాలి. అప్పుడు షూలు బిగించి ఉండే ప్లేటు డ్రమ్ముకు సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. బ్రేకు పూర్తిగా పట్టినప్పుడు వైరుకూ ప్లేటు మీది లివరుకూ మధ్య మూలమట్టం పెట్టినట్టు 90 డిగ్రీలు రావాలి.

ఇంకా చాలదనిపిస్తే తర్వాతి బుల్లెట్లకు వచ్చిన 7 అంగుళాల రెండు క్యాముల డ్రమ్ము చూడండి. ముందుకు వెళ్లేటప్పుడు అందులో రెండు షూలనూ డ్రమ్ము తనలోకి లాక్కుంటుంది. నేను చివరికి దాంట్లోనే ఆగాను. రెండు క్యాములను కలిపే రాడ్డు పొడవు సరిచేసి, రెండు షూలూ ఒకేసారి ఆనేలా చూసుకోవాలి. అది కుదరకపోతే డబ్బులు దండగ. ఎత్తు మీద బండి వెనక్కి జారుతుంటే మాత్రం ఇది సరిగా ఆపదు, వెనక బ్రేకు తొక్కాల్సిందే.

హైవే మీద చెన్నై దాకా తిరిగే పనుంటే డిస్క్ మంచిదే. కానీ పాత ఫోర్కుకు (ముందు చక్రాన్ని పట్టే కాళ్లకు) క్లాంపు వెల్డింగ్ చేసి, డిస్కును నొక్కి పట్టే క్యాలిపర్ తగిలిస్తామంటే ఒప్పుకోకండి. వేస్తే డిస్క్ ఉన్న బండి ఫోర్కు, హబ్, యాక్సిల్, లివరు దగ్గర బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండరు మొత్తం సెట్టు వేయించండి. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, మన సముద్రగాలికి రెండేళ్లకోసారైనా మార్చాలి.

అలాయ్‌లు నాకైతే ఆ బండికి నప్పవు. పైగా 19 అంగుళాల చోట చిన్న చక్రం వేస్తే బండి కిందికి దిగుతుంది, ముందు చక్రం నుంచి నడిచే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది. అదే సైజు అల్యూమినియం రిమ్ము, స్టెయిన్‌లెస్ స్పోకులు వేయిస్తే ఉప్పుగాలికి తట్టుకుంటాయి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. అంత పాతదైతే గాడులు ఎంతున్నా తీసేయండి, గట్టిపడిన రబ్బరుతో ఏ బ్రేకూ పని చేయదు.

ఇంకొకటి, కంపెనీ ఇచ్చిన రూపం మారేలా మార్పులు చేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌తో ముడిపడిన వ్యవహారం. 15 ఏళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యూవల్‌కు బండి చూపించాలి కదా, తీసిన పాత చక్రం, ఫోర్కు పాత ఇనుముకు వేయకుండా, అవసరమైతే మళ్లీ బిగించుకునేలా దాచండి.